పుదుచ్చేరిలో పాత ఇంటి హోటల్లో దిగాలనుకునే వరంగల్ వాళ్ళకు

పుదుచ్చేరిలో ఎక్కడ దిగాలని నన్ను ఎవరు అడిగినా, నేను తిరిగి అడిగేది ఒకటే: మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మీరు ఎక్కడ ఉంటారు? ఊరి దగ్గరి ఆరోవిల్ అంతర్జాతీయ పట్టణం, బోటు షికారు, షాపింగ్ అని పొద్దంతా తిరిగే ప్లాన్ ఉంటే బస్టాండు దగ్గర శుభ్రమైన ఏసీ గది తీసుకోండి, డబ్బు మిగులుతుంది. ఆ మూడు గంటలూ నీడపట్టున ఉంటాం, ఒక కునుకు తీస్తాం, వరండాలో కూర్చుంటాం అనుకుంటే మాత్రం పాత ఫ్రెంచి ఇంటినో పాత తమిళ ఇంటినో హోటల్‌గా మార్చిన చోట దిగండి. వీటినే బుటిక్ హోటళ్ళు, హెరిటేజ్ హోటళ్ళు అంటున్నారు. చాలావాటిలో గదులు పది, ఇరవైకి మించవు. అక్కడ మీరు కట్టే డబ్బు మంచానికీ ఏసీకీ కాదు, ఇంటికి. పగటిపూట ఆ ఇంట్లో లేకపోతే కట్టినదాంట్లో సగం అక్కడే వదిలేసి వచ్చినట్టు.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేయించి అమ్ముతాం. చెన్నై, పుదుచ్చేరి షాపులకు సరుకు చూపించడానికి వెళ్ళి వెళ్ళి ఆ ఊరు అలవాటైంది. ఒక్కడినే వెళ్తే ఎక్కడైనా పడుకుంటాను. అమ్మను, భార్యను, పిల్లలను వెంట తీసుకెళ్ళినప్పుడే ఇలాంటి ఇంట్లో దిగుతాం. అందుకని ఇక్కడ రాసేదంతా ఇంటిల్లిపాదితో, రైల్లో, ఖర్చు లెక్క చూసుకుని వెళ్ళేవాళ్ళ కోసం.

ముందు ఊరి నక్షా మనసులో పెట్టుకోండి. ఫ్రెంచివాళ్ళు 1674లో అక్కడ స్థిరపడ్డారు. 1761లో ఇంగ్లీషువాళ్ళు ఊరిని పట్టుకుని నేలమట్టం చేశారు. 1763 ఒప్పందంతో ఊరు మళ్ళీ ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది, 1765 నుంచి తిరిగి కట్టుకున్నారు. మనం ఇప్పుడు చూసే ఊరు ఆ తర్వాతి కాలానిదే. 1954 నవంబర్ 1న పాలన మన దేశం చేతికి వచ్చింది, చట్టప్రకారం అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తయింది. ఊరి నడుమ ఉత్తర దక్షిణాలుగా ఒక కాలువ పోతుంది. కాలువకు తూర్పున, సముద్రం వైపు ఉన్నది ఫ్రెంచి పేట. ఆటోవాళ్ళకు వైట్ టౌన్ అంటే తెలుస్తుంది. పడమట తమిళ పేట.

రెండు పేటల ఇళ్ళకూ స్వభావం వేరు. ఫ్రెంచి ఇల్లు వీధికి కనిపించదు. ఎత్తైన ప్రహరీ, పెద్ద గేటు, గోడ మీంచి వేలాడే కాగితం పూలు, అంతే. గేటు దాటి లోపలికి వెళ్తేనే తోట, స్తంభాల వరండా, ఎత్తు కప్పుల గదులు. తమిళ ఇల్లు వీధిలోకే తెరుచుకుంటుంది. బయట అరుగు, అరుగు మీద కర్ర స్తంభాల పంచ, చెక్కడపు తలుపు, లోపల ఆకాశం కనిపించే అంగణం, దాని చుట్టూ గదులు. మన వైపు పాత భవంతుల్లో పెరిగినవాళ్ళకు ఇది చాలా దగ్గరగా అనిపిస్తుంది. మా అమ్మ గడప దాటి అంగణంలోకి చూసి, "మా అమ్మగారిల్లు లెక్కనే ఉన్నది బిడ్డా" అన్నది. కొన్ని ఇళ్ళు కింద తమిళ పద్ధతిలో, పైఅంతస్తు ఫ్రెంచి కమానులతో ఉంటాయి. తమిళ పేటలో కాల్వే సుబ్బరాయ చెట్టి వీధిలో నడిస్తే ఈ కలయిక ఇంటి తర్వాత ఇంట్లో కనిపిస్తుంది. ఆ వీధి ముఖాలను పాత కట్టడాలను కాపాడే ఇన్‌టాక్ సంస్థ వాళ్ళు బాగుచేయించారు.

నా సలహా ఏమిటంటే, పెద్దవాళ్ళు వెంట ఉంటే తమిళ పేటలో దిగండి. మామూలు భోజన హోటళ్ళు, మందుల షాపు, కూరగాయల మార్కెట్ నడిచే దూరంలో ఉంటాయి. అదే తరహా ఇల్లు ఫ్రెంచి పేట కంటే తక్కువకు దొరకవచ్చు. కొత్త దంపతులకు, పొద్దున లేవగానే సముద్రం చూడాలనుకునేవాళ్ళకు ఫ్రెంచి పేట. పేర్లు తెలిస్తే వెతకడం సులువని రెండు చెబుతాను. పెరుమాళ్ కోయిల్ వీధిలో మేజోన్ పెరుమాళ్ తమిళ ఇల్లు, సుఫ్రెన్ వీధిలో విల్లా శాంతి ఫ్రెంచి పేటలోని పాత ఇల్లు. ఇంకా చాలా ఉన్నాయి. యానాం కూడా ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళదే, భాష మనదే, కానీ పాత ఇళ్ళ హోటళ్ళు ఇలా వీధులకు వీధులు ఉన్నది పుదుచ్చేరిలోనే.

ఇల్లు నచ్చాక ఫొటోలు చూసి వెంటనే డబ్బు కట్టొద్దు. ఫోన్ చేయండి. పది గదుల హోటల్లో చాలాసార్లు ఫోన్ ఎత్తేది ఆ ఇంట్లోనే కూర్చున్న మనిషి, ప్రతి గదీ అతనికి తెలుసు. ఇంగ్లీషులో నిదానంగా చెబుతారు. మొహమాటం లేకుండా అడగండి.

గది పాత ఇంట్లో ఉందా, వెనక కట్టిన కొత్త బ్లాకులో ఉందా? ఇది మొదటి ప్రశ్న. చాలాచోట్ల పాత ఇంట్లో నాలుగైదు గదులే ఉంటాయి, మిగతావి తర్వాత కలిపినవి. ఫొటోల్లో ఎక్కువగా పాత గదులే కనిపిస్తాయి. కొత్త బ్లాకు గదులు సౌకర్యంగానే ఉంటాయి, బాత్రూములు ఇంకా బాగుంటాయి, కానీ అలాంటి గది హన్మకొండలోనూ దొరుకుతుంది.

కిటికీ ఎటు తెరుచుకుంటుంది? అంగణంలోకా, వీధిలోకా, పక్కింటి గోడకా? అంగణం వైపు అన్నారంటే వెంటనే ఇంకో ప్రశ్న వేయండి: రాత్రి అక్కడ రెస్టారెంట్ నడుస్తుందా, ఎన్ని గంటలకు మూస్తారు? ఒకచోట పగలంతా పిట్టల అరుపు తప్ప ఏమీ వినపడని అంగణం, చీకటి పడగానే బయటివాళ్ళతో నిండిపోయింది. పాటలు, ప్లేట్ల చప్పుడు పదకొండు దాకా. పెద్దవాళ్ళకు నిద్ర పట్టలేదు. అడిగితే "అది మా రెస్టారెంట్ కదా సార్" అన్నారు. అంగణంలో భోజనం పెట్టడం తప్పు కాదు, ఆ సంగతి గది ఇచ్చేటప్పుడే చెప్పాలి. వాళ్ళు చెప్పకపోతే మనం అడిగి తెలుసుకోవాలి.

మెట్లు ఎన్ని, లిఫ్ట్ ఉందా? పాత ఇళ్ళలో లిఫ్ట్ పెట్టడానికి చోటుండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కింది గది అడగండి. కింది గదికి ఒక ఇబ్బంది ఉంది: సముద్రపు ఉప్పు గాలికి, నేల తడికి సున్నపు గోడలు అడుగున పెచ్చులూడుతుంటాయి, చెమ్మ వాసన రావచ్చు. వానాకాలం ఎక్కువ. కాబట్టి "గోడల్లో చెమ్మ ఉందా" అని సూటిగా అడగండి. మంచి హోటల్ వాళ్ళు అబద్ధం చెప్పరు, పక్క గది చూపిస్తారు.

బాత్రూం సంగతి ఆడవాళ్ళు అడిగితేనే బాగా తెలుస్తుంది. ఈ ఇళ్ళు కట్టినప్పుడు గది లోపల బాత్రూములు లేవు, తర్వాత మూల తీసి అమర్చారు. అందుకే గది నుంచి బాత్రూంలోకి అడుగు ఎత్తు గడప ఉండొచ్చు, రాత్రిపూట ముసలివాళ్ళు తట్టుకుని పడే చోటు అదే. బెడ్‌లైట్ ఉందో లేదో చూసుకోండి. బకెట్, మగ్గు కావాలంటే ముందే చెప్పండి, తెచ్చి పెడతారు.

పిల్లలున్నారని కూడా దాచకుండా చెప్పండి. కొన్ని హోటళ్ళు చిన్న పిల్లలను ఒప్పుకోవు. గదులు ఎక్కువగా ఇద్దరికి సరిపోయేవే, అదనపు మంచానికి వేరే లెక్క. ఐదుగురుంటే ఒకే గదిలో సర్దుకుందాం అనే మాట ఇక్కడ నడవదు. రెండు గదులు పక్కపక్కన కావాలని అడగండి.

ఇక డబ్బు. నేను చూసినంతలో రాత్రికి నాలుగైదు వేల నుంచి పదిహేను వేల దాకా ఉంటాయి, పైకి ఇంకా ఉన్నాయి. శుక్ర, శని వారాల్లో చెన్నై నుంచి, బెంగళూరు నుంచి కార్లు దిగుతాయి, అదే గది ధర పెరుగుతుంది. మన షాపులకు సెలవు ఎప్పుడో చూసుకుని సోమవారం నుంచి గురువారం లోపల వెళ్ళగలిగితే ధర తగ్గుతుంది, పైగా ఇల్లంతా మీదే అన్నంత ఖాళీగా ఉంటుంది. ధర చెప్పగానే "పన్నుతో కలిపి ఎంత" అని అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి గది అద్దె రోజుకు 7,500 రూపాయల వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. 7,500 గదికి పన్నుతో 7,875 అవుతుంది. 7,600 గదికి 8,968. అద్దెలో వంద తేడా, బిల్లులో వెయ్యి దాటి తేడా. ఆ గీత దగ్గరున్న గదులకు ఇంకో రోజు ధర ఎంతో కనుక్కుంటే కలిసొస్తుంది.

నాలుగు రాత్రులు ఉండే ప్లాన్ అయితే అన్నీ పాత ఇంట్లోనే గడపాలని లేదు. ఖర్చు బరువనిపిస్తే రెండు రాత్రులు అరవిందాశ్రమం వాళ్ళ అతిథి గృహంలో ఉండి, చివరి రెండు రాత్రులు పాత ఇంట్లో ఉండండి. ఆశ్రమం వాళ్ళ పార్క్ గెస్ట్ హౌస్ సముద్రం ఒడ్డునే ఉంది. సిగరెట్, మందు కుదరవు, రాత్రి గేటు మూసేస్తారు. మా ఇంట్లో వాళ్ళకు ఆ పద్ధతి చాలా నచ్చింది. పాత ఇంటిని చివరికి పెట్టుకోమనేది ఎందుకంటే, తిరగాల్సినవన్నీ ముందే తిరిగేస్తే అప్పుడు ఇంట్లో కూర్చోవడానికి మనసొప్పుతుంది.

ఎప్పుడు వెళ్ళాలి? జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచిది. మన బతుకమ్మ, దసరా సెలవుల తర్వాత వెళ్దామనుకునేవాళ్ళు జాగ్రత్త: అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా ఆ తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది, ఒక్క రోజులో దాదాపు 48 సెంటీమీటర్ల వాన పడింది. ఆ నెలల్లో బుక్ చేస్తే డబ్బు వాపసు వచ్చే షరతు ఉన్న గదే తీసుకోండి. మే నెలలో మన వరంగల్ ఎండ పొడిగా కాలుస్తుంది, అక్కడ చెమటతో తడిపేస్తుంది. సంక్రాంతి సెలవుల్లో వాతావరణం బాగుంటుంది కానీ వాళ్ళకూ పొంగల్ పండుగే, గదులు దొరకవు. ఫిబ్రవరి 21, ఆగస్టు 15 దగ్గర ఆశ్రమానికి భక్తులు వస్తారు, ఆ తేదీలకు ముందుగానే చూసుకోవాలి. జూలై 14 ఫ్రెంచివాళ్ళ జాతీయ దినం, ఆ సందర్భంగా దీపాలు పట్టుకుని వీధుల్లో ఊరేగుతారు. అది చూడాలనిపిస్తే వేడికి సిద్ధపడి వెళ్ళండి.

ప్రయాణం మనకు కష్టం కాదు. వరంగల్‌లో రాత్రి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున తాంబరంలో దిగుతాం. అక్కడికి దగ్గర్లోని కిలాంబాక్కం బస్టాండు నుంచి పుదుచ్చేరికి బస్సులు ఉంటాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, హోటల్ కంటే ముందు బెర్తులు ఖాయం చేసుకోండి. ఇలా వెళ్తే మధ్యాహ్నానికల్లా హోటల్ చేరతారు, అది సరిగ్గా సరిపోతుంది. ఎందుకంటే మన లాడ్జీల్లోలాగా ఎప్పుడు దిగితే అప్పటి నుంచి 24 గంటలు అనే లెక్క ఇక్కడ ఉండదు. గది ఒంటిగంటకో రెండింటికో ఇస్తారు, పదకొండుకో పన్నెండుకో ఖాళీ చేయాలి. ముందే చేరితే సామాను రిసెప్షన్‌లో పెట్టి బయట భోజనం చేసి రండి.

ఆధార్ అందరిదీ దగ్గర పెట్టుకోండి. మన ఇళ్ళలో అమెరికా నుంచి వచ్చిన కొడుకో కోడలో మనవడో తోడుంటారు కదా, వాళ్ళది అమెరికా పాస్‌పోర్టు అయితే పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చేది) తప్పకుండా తేవాలి. విదేశీ పౌరుల వివరాలను హోటల్ వాళ్ళు 24 గంటల్లో ప్రభుత్వానికి పంపాలి. పసిపిల్లకైనా అంతే. ఫోన్‌లో ఫొటో ఉందంటే కొందరు ఒప్పుకోరు, అర్ధరాత్రి ఆ టెన్షన్ మనకెందుకు.

ఇప్పుడు అసలు విషయం, ఇంట్లో ఉండటం. గదిలోకి వెళ్ళగానే ఏసీ వేసి తలుపులు మూసుకోకండి. ముందు కిటికీలు చూడండి. ఫ్రెంచి కిటికీలకు చెక్క అడ్డపట్టీల తలుపులుంటాయి. వాటిని మూసి పట్టీలు తెరిస్తే ఎండ ఆగుతుంది, గాలి వస్తుంది. మధ్యాహ్నం దాటాక నేల బాగా వేడెక్కుతుంది, సముద్రం నుంచి గాలి మొదలవుతుంది. ఇటుక, సున్నంతో కట్టిన లావు గోడలు, పైన టేకు దూలాల మీద ఇటుకలు పేర్చిన ఎత్తు కప్పు, వేడి గాలి పైకి పోయే దారి, ఇవన్నీ ఆ గాలిని నమ్ముకుని కట్టినవి. జనవరి, ఫిబ్రవరిలో ఫ్యాన్ ఒక్కటి చాలు. ఒక పూట అలా ఉండి చూడండి, ఆ ఇల్లు ఎందుకు అలా కట్టారో ఒంటికే తెలుస్తుంది.

తర్వాత అక్కడి మనిషిని పిలిచి ఇల్లు చూపించమనండి. ఎవరూ అడగరు గానీ అడిగితే చాలా సంతోషంగా చూపిస్తారు. మేడ మీదికి తీసుకెళ్తారు, పాత బావి ఉంటే చూపిస్తారు, ముందు ఎవరిదో ఎప్పుడు బాగుచేశారో చెబుతారు. నాకు నేల మీద పరిచింది ఏదైనా మూల తిప్పి నేత చూసే అలవాటు ఉంది. ఒక ఇంట్లో నేను అలా చూస్తుంటే అక్కడి పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు, గంటసేపు నేత గురించి, నేల గురించి మాట్లాడుకున్నాం. చెట్టినాడు వైపు చేసే ఆత్తంగుడి టైల్స్‌ను అద్దం మీద రంగు పోసి చేత్తో చేస్తారని నాకు చెప్పింది ఆయనే. మీ పని ఏదైనా సరే, వడ్రంగమైనా వంటైనా, ఆ కంటితో ఇల్లు చూడండి, అడగాల్సినవి వాటంతటవే వస్తాయి.

పిల్లలకు విసుగు రాకుండా పచ్చీస్ పట్టుకెళ్ళండి. వరండా నేల చల్లగా ఉంటుంది, మధ్యాహ్నం ఇట్టే గడుస్తుంది. కొన్ని మర్యాదలు మాత్రం పాటించాలి. నూనె పెట్టుకున్న తల సున్నపు గోడకు ఆనిస్తే మరక పోదు. వీధి వైపు బాల్కనీ మీద చీరలు, టవళ్ళు ఆరేయొద్దు, ఎక్కడ ఆరేయాలో అడిగితే చోటు చూపిస్తారు. పక్క గదిలో ఉన్నది కూడా ఈ నిశ్శబ్దానికే డబ్బు కట్టినవాళ్ళు, ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడకండి.

తిండి దగ్గర పెద్ద బెంగ అక్కర్లేదు. పొద్దున టిఫిన్‌కు క్రోసాంట్ (పొరలు పొరలుగా ఉండే ఫ్రెంచి బన్ను), బ్రెడ్, వెన్న, జామ్, పండ్లు పెడతారు. చాలాచోట్ల ఇడ్లీ, దోశ కూడా ఉంటాయి, ముందురోజు రాత్రే చెప్పమంటారు. పిల్లలను క్రోసాంట్ తిననివ్వండి, అక్కడ బేకరీలు నిజంగా మంచివి. మధ్యాహ్నం అన్నం కావాలంటే నెహ్రూ స్ట్రీట్, మిషన్ స్ట్రీట్ వైపు వెళ్తే భోజన హోటళ్ళు ఉన్నాయి. కారం సరిపోదని మా అమ్మ మామిడి తొక్కు సీసా తెస్తుంది. గదిలో తినండి, రెస్టారెంట్ బల్ల మీద తీయకండి.

సాయంత్రం ఆరింటికి గూబెర్ అవెన్యూ మీద, అంటే సముద్రం రోడ్డు మీద, బండ్లు ఆపేస్తారు. మర్నాడు పొద్దున దాకా అది నడిచేవాళ్ళదే. ఆ రోడ్డు మీదే దిగినవాళ్ళు గుర్తుంచుకోవాలి, ఆరు దాటితే ఆటో గుమ్మం దాకా రాదు. పొడవైన ఇసుక బీచ్ ఆశించకండి, ఒడ్డు చాలామేరకు పెద్ద పెద్ద బండరాళ్ళే, పెద్దవాళ్ళను వాటి మీదికి దింపొద్దు. గాంధీ విగ్రహం, 1836 నాటి పాత దీపస్తంభం చూసి వీధుల్లోకి మళ్ళండి. బుస్సీ వీధి కనిపిస్తుంది. నిజాం సలాబత్ జంగ్ దర్బారులో చక్రం తిప్పిన ఫ్రెంచి సేనాని బుస్సీ, 1757లో బొబ్బిలి మీదికి వెళ్ళిన బుస్సీ, ఆయనే. తమిళ పేటలో ఆనందరంగ పిళ్ళై ఇల్లు ఉంది. ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసి, 1736 నుంచి 1761 దాకా డైరీ రాసిన మనిషి. తెలుగు ఛందస్సు మీద ఒక గ్రంథం ఆయనకే అంకితం. పిల్లలకు ఈ రెండు సంగతులూ చెప్పి నడిపించండి, ఆ వీధులు పరాయిగా అనిపించవు. పసుపు గోడల ముందు ఫొటోలు దిగేటప్పుడు మాత్రం అవి ఎవరో కాపురముంటున్న ఇళ్ళని మరిచిపోవద్దు.

ఆశ్రమానికి మూడేళ్ళలోపు పిల్లలను రానివ్వరు, ఫోన్ ఆపేయాలి. ఆరోవిల్‌లో మాతృమందిరం అనే ధ్యాన మందిరం లోపలికి వెళ్ళాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి, బయటి నుంచి చూడటానికి సందర్శకుల కేంద్రంలో పాస్ ఇస్తారు. ఈ రెండూ పొద్దున పూట పెట్టుకోండి, మధ్యాహ్నం ఇంటికి రావచ్చు.

వచ్చేటప్పుడు తాంబరం నుంచి చార్మినార్ సాయంత్రం బయల్దేరుతుంది. టిఫిన్ అవగానే బిల్లు తెప్పించి ఒక్కో పద్దు చూసుకోండి, బట్టలుతికినవి, టీలు విడిగా వేస్తారు. టిప్పు ఒక్కరి చేతిలో పెట్టకుండా రిసెప్షన్‌లో పెట్టె ఉంటే అందులో వేయండి, గది ఊడ్చినవాళ్ళకూ వంటవాళ్ళకూ అందుతుంది. పదకొండు దాటకుండా బస్సు ఎక్కండి. ఆదివారమైతే పదింటికే, ఎందుకంటే ఆరోజు కార్లన్నీ చెన్నై వైపే మళ్ళుతాయి.